మ్యూజిక్ థెరపిస్టుకి లైసెన్సు: ఓటు లేకపోయినా అడగొచ్చు

మాటలు ఆలస్యమైన పిల్లాడికి మ్యూజిక్ థెరపీ చేయించమంటారు. చేసేవాళ్ళు ఎవరు? కీబోర్డు పాఠాలు చెప్పేవాళ్ళంతా థెరపిస్టులు కారు కదా! రాష్ట్రంలో చట్టం లేకపోతే ఆ తేడా చెప్పేవాళ్ళుండరు. ఇన్సూరెన్సు వాళ్ళూ చాలాసార్లు ముందు అడిగేది లైసెన్సే.

న్యూయార్క్ 2002లో చట్టం చేసి సంగీతం, చిత్రకళ, నాట్యం, నాటకం, కవిత్వం, వీటితో చేసే థెరపీలన్నిటికీ ఒకే లైసెన్సు పెట్టింది. మన బెంటన్‌విల్ పక్కనే ఉన్న ఓక్లహోమా 2016లో మ్యూజిక్ థెరపిస్టుల వరకు తెచ్చింది.

మన శాసనసభ లిటిల్ రాక్‌లో బేసి సంవత్సరాల్లో జనవరిలో మొదలవుతుంది. సరి సంవత్సరాల్లో ముఖ్యంగా బడ్జెట్టే. కాబట్టి ఉత్తరం అంతకుముందే వెళ్ళాలి.

"హెచ్-1 మీద ఉన్నాం, మనకెందుకండీ?" అంటారు మనవాళ్ళు. ఓటు లేకపోయినా మీ ప్రతినిధికి రాయొచ్చు, కమిటీ ముందు మాట్లాడొచ్చు. ఎన్నికల చందా మాత్రం గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఇవ్వకూడదు, ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. బాబులో ఏం మారిందో, నెలకి జేబులోంచి ఎంత పెడుతున్నారో ఒక పేజీలో రాయండి, చాలు.

ఈలోగా థెరపిస్టు పేరు పక్కన ఎం.టి.-బి.సి. అని ఉందేమో చూసుకోండి. 1200 గంటల క్లినికల్ శిక్షణ పొంది, పరీక్ష పాసైనవాళ్ళకే అది ఇస్తారు.