విహంగములు – విమానములు

మానవుడు విమానమున ఎగురుట నేర్చి నూరేండ్లకు పైబడినది. పక్షులు కోట్ల సంవత్సరములుగా ఎగురుచున్నవి. ఈ రెండును ఒకే దారిలో ఎదురుపడినచో ఉభయులకును కీడు వాటిల్లును.

చిన్న పక్షి పెద్ద విమానమును ఏమి చేయగలదని తోచవచ్చును. కాని ఇచ్చట వేగము ముఖ్యము. వేగము రెట్టింపయినచో తాకిడి శక్తి నాలుగు రెట్లగును. 1960 అక్టోబరు 4న అమెరికాలోని బోస్టన్ నగరమున ఒక విమానము, లేచిన కొలది క్షణములకే, గోరువంకల వంశమునకు చెందిన స్టార్లింగు పక్షుల గుంపును ఢీకొని కూలెను. అందలి 72 మందిలో 62 మంది మరణించిరి. 2009 జనవరి 15న న్యూయార్కులో పెద్దబాతులు తగిలి ఒక విమానపు రెండు ఇంజనులును శక్తి కోల్పోయినవి. వైమానికుడు దానిని హడ్సన్ నదిపై నేర్పుతో దింపగా 155 మందియు బ్రతికిరి.

విమానము లేచునప్పుడును దిగునప్పుడును ఇట్టి ప్రమాదములు ఎక్కువ. విమానాశ్రయపు పచ్చికయు, వాననీటి మడుగులును, పురుగులును పక్షులను ఆకర్షించును. వానిని తఱుముటకు బాణసంచా కాల్చుట, శిక్షణ పొందిన డేగలను వదలుట పూర్వమునుండి ఉన్న పద్ధతులు. కాని ప్రతిదినము అదే చప్పుడు వినిన పక్షి, అది వట్టి బెదిరింపని గ్రహించి కదలక కూర్చుండును. కావలివాని కన్నులు అలసిపోవును, చీకటిలో చూడజాలవు.

ఈ పనిలో నేడు కృత్రిమ మేధ తోడ్పడుచున్నది. రాడారు ఎగురు వస్తువును కనిపెట్టును గాని, అది పక్షియో డ్రోనో తేల్చుట కష్టము. అందుకై కంప్యూటరునకు ముందుగా వేలకొలది చిత్రములను చూపి, ‘ఇది గ్రద్ద, ఇది కొంగ, ఇది పావురము’ అని నేర్పుదురు. గ్రద్ద రెక్కలు చాచి వలయములుగా తేలును. పావురము రెక్కలు టపటప కొట్టుచు సూటిగా పోవును. ఇట్టి భేదములను యంత్రము తానే గ్రహించును. తరువాత ఏ పక్షులు, ఎన్ని, ఏ దిక్కునుండి వచ్చుచున్నవో అధికారులకు తెలుపును. ఉష్ణమును గుర్తించు కెమెరాలు రాత్రియు పనిచేయును. నెలల తరబడి చేర్చిన లెక్కలనుబట్టి ఏ ఋతువున, ఏ వేళ, ఏ మూల పక్షులు చేరునో యంత్రము ముందే అంచనా వేయును. అప్పుడు వానిని చంపుటకు మాఱుగా, ఆ మడుగును పూడ్చియో, పచ్చిక ఎత్తు మార్చియో దూరముగా పంపవచ్చును.

అయినను యంత్రము సర్వజ్ఞము కాదు. ఒక దేశపు పక్షులను మాత్రమే చూచి నేర్చినది వేఱొక దేశపు పక్షుల విషయమున పొరబడవచ్చును. గాలికి ఎగురు సంచిని కొంగ అనుకొని మాటిమాటికి హెచ్చరించినచో, ‘నాన్నా, పులి!’ అని పలుమారు బొంకిన బాలుని కేకవలె, నిజమైన హెచ్చరికను గూడ ఎవరును లెక్కచేయరు. వలసినపుడు హెచ్చరింపకున్నచో ప్రాణములకే ముప్పు. కావున తుది నిర్ణయము అనుభవజ్ఞులైన మనుష్యులదిగా ఉండవలెను.

యంత్రము పక్షి రాకను చెప్పగలదు; పక్షిని రప్పించు చెత్తకుప్పను తొలగింపలేదు. విమానాశ్రయమునకు 10 కిలోమీటర్ల లోపల పక్షులను ఆకర్షించు చెత్తను, మాంసపు వ్యర్థములను పడవేయరాదని మన దేశమున నియమము కలదు. దానిని పాటించుట పౌరుల వంతు. వీధిలో పాఱవైచిన వ్యర్థము గ్రద్దను పిలుచును. ఆ గ్రద్ద విమానమునకు ఎదురుపోవును. పరిసరములను శుభ్రముగా ఉంచువాడు తానెన్నడును చూడని ప్రయాణికుల ప్రాణములను, ఆ పక్షి ప్రాణమును గూడ కాపాడినవాడగును.