కారు తాళంచెవి: నాలుగు స్థానాల్లో జరిగే పని

కారు నడపడం నేర్చుకునేవారికి మొదటిరోజు క్లచ్, బ్రేకు, గేరు గురించి చెబుతారు. తాళంచెవి గురించి ప్రత్యేకంగా ఎవరూ చెప్పరు. "తిప్పండి, స్టార్ట్ అవుతుంది" అని ఊరుకుంటారు. కానీ కారు తాళంచెవి ఇంటి తాళంచెవి వంటిది కాదు. దాన్ని తిప్పినప్పుడు మీరు ఒక విద్యుత్ స్విచ్చిని తిప్పుతున్నారు. ఏ స్థానంలో ఏ వలయానికి విద్యుత్తు వెళుతుందో తెలిస్తే తెల్లవారుజామున బండి మొరాయించినప్పుడు కారణం పోల్చుకోగలరు. ఘాట్ రోడ్డు మీద చేయకూడని పని ఏమిటో, ఎందుకు చేయకూడదో కూడా అర్థమవుతుంది. ఈ పాఠంలో ఆ విషయాలు తెలుసుకుందాం.

ముందుగా విద్యుత్తు ఎక్కడి నుంచి వస్తుంది?

పెట్రోలు కారులో విద్యుత్తుకు రెండు ఆధారాలు ఉంటాయి. ఒకటి బ్యాటరీ, రెండవది ఆల్టర్నేటర్. ఇంజను ఆగి ఉన్నప్పుడు అన్ని అవసరాలూ బ్యాటరీయే తీర్చాలి. అందులో ఆరు గదులు ఉంటాయి. ఒక్కొక్క గది సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. అందువల్ల బాగా ఛార్జి అయిన బ్యాటరీ విశ్రాంతిలో ఉన్నప్పుడు దాదాపు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను నడవడం మొదలయ్యాక, బెల్టు ద్వారా తిరిగే ఆల్టర్నేటర్ సుమారు 14 వోల్టుల విద్యుత్తు తయారుచేస్తుంది. దీపాలకూ ఇగ్నిషన్‌కూ అదే అందుతుంది, బ్యాటరీ కూడా దానితోనే తిరిగి నిండుతుంది.

ఇక తాళంచెవి దగ్గరకు వద్దాం.

మొదటి స్థానం: లాక్

తాళంచెవి లోపలికి వెళ్ళేదీ, బయటకు వచ్చేదీ ఈ స్థానంలోనే. తాళంచెవిని బయటకు తీశాక స్టీరింగును కొద్దిగా తిప్పితే, లోపల ఒక లోహపు కడ్డీ గాడిలో దిగి స్టీరింగును బిగించేస్తుంది. దొంగల భయానికి చేసిన ఏర్పాటు ఇది. ఉదయం వచ్చి తిప్పినప్పుడు తాళంచెవి కదలకపోతే కంగారుపడి బలంగా తిప్పకండి. స్టీరింగును అటూ ఇటూ కొద్దిగా కదిలిస్తూ తిప్పండి, సులువుగా వస్తుంది.

రెండవ స్థానం: యాక్సెసరీ

ఇక్కడ రేడియో, ఛార్జింగ్ సాకెట్ వంటివి మాత్రమే పనిచేస్తాయి. ఇగ్నిషన్‌కు విద్యుత్తు వెళ్ళదు. ఎవరికోసమైనా ఎదురుచూస్తూ పాటలు వినాలంటే ఈ స్థానం చాలు.

మూడవ స్థానం: ఆన్

ఇక్కడ కారు మొత్తం మేలుకుంటుంది. ఎదుట ఉన్న పలకమీద ఎర్రని, పసుపుపచ్చని దీపాలు ఒక్కసారిగా వెలుగుతాయి. అవి పాడైనవాటి జాబితా అనుకోవద్దు. దీపాలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో కారు తనను తాను పరీక్షించుకుంటోంది. ఇంజను నడిచాక బ్యాటరీ దీపం, ఆయిల్ దీపం ఆరిపోవాలి. నడుస్తుండగా ఆయిల్ దీపం వెలిగితే వెంటనే సురక్షితమైన చోట ఆపి ఇంజను కట్టేయండి. బ్యాటరీ దీపం వెలిగితే ఆల్టర్నేటర్ పనిచేయడం లేదనో, బెల్టు తెగిందనో అనుమానించాలి.

ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న చాలా కార్లలో తాళంచెవి ఈ స్థానానికి రాగానే వెనుక సీటు వైపు నుంచి సన్నని మోత ఒకటి రెండు సెకన్లు వినిపిస్తుంది. పెట్రోలు పంపు గొట్టాల్లోకి ఒత్తిడి ఎక్కిస్తున్న చప్పుడు అది. ఆ మోత ఆగేవరకు నిలిచి, తర్వాత స్టార్ట్ చేయండి. డీజిల్ కారులో స్ప్రింగు ఆకారపు దీపం వెలుగుతుంది. డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గులు ఉండవు. చలిలో గదిని వేడిచేసే గ్లో ప్లగ్గులు ఉంటాయి. ఆ దీపం ఆరాకే స్టార్ట్ చేయాలి.

నాలుగవ స్థానం: స్టార్ట్

ఈ స్థానంలో తాళంచెవి నిలవదు. వదిలితే వెనక్కి, ఆన్ స్థానానికి వచ్చేస్తుంది. ఇక్కడ స్టార్టర్ మోటారు ఇంజనును తిప్పుతుంది. చిన్న పెట్రోలు కారులో కూడా దీనికి వంద ఆంపియర్లకు పైగా విద్యుత్తు కావాలి. తాళంచెవి వెనుక ఉన్న చిన్న స్విచ్చి అంత విద్యుత్తును భరించలేదు. అందుకే అది సొలినాయిడ్ అనే విద్యుదయస్కాంతానికి సైగ మాత్రమే చేస్తుంది. లావుపాటి తీగల్లోంచి అసలు విద్యుత్తును మోటారుకు పంపేది ఆ సొలినాయిడే. ఆ కొద్ది క్షణాలూ రేడియో ఆగిపోవడం మీరు గమనించే ఉంటారు. ఉన్న శక్తి అంతా మోటారుకే దక్కాలని చేసిన ఏర్పాటు అది.

విద్యుత్ స్టార్టర్ రాకముందు కారు ముందు నిలబడి ఇనుప హ్యాండిల్‌తో ఇంజనును తిప్పేవారు. ఇంజను ఎదురు తిరిగితే ఆ హ్యాండిల్ చేతులు విరగ్గొట్టేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్ 1912 కాడిలాక్ కార్లలో వచ్చింది.

ఇదే సమయంలో ఇగ్నిషన్ కాయిల్ కూడా పనిచేస్తూ ఉంటుంది. 1831లో ఫారడే చూపిన విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రం మీదనే 12 వోల్టులను అది 20,000 వోల్టులకు పైగా పెంచుతుంది. ప్లగ్గు కొనలో దాదాపు ఒక మిల్లీమీటరు ఖాళీని దాటి నిప్పురవ్వ ఎగిరేది అందువల్లనే. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంటే సెకనుకు 100 రవ్వలు కావాలి. కాయిల్ తీగలను ఇంజను నడుస్తుండగా ఎన్నడూ ముట్టుకోకండి.

బ్యాటరీని దించేది ఏది?

స్టార్టర్ వల్లనే బ్యాటరీ దిగిపోతుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. స్టార్టర్ 150 ఆంపియర్ల చొప్పున 3 సెకన్లు పనిచేస్తే ఖర్చయ్యేది 0.125 ఆంపియర్-అవర్ మాత్రమే. ఇంజను కొద్ది నిమిషాలు నడిస్తే అది తిరిగి వచ్చేస్తుంది. 60 వాట్ల హెడ్‌లైట్లు రెండు వెలిగితే గంటకు 10 ఆంపియర్-అవర్లు పోతాయి. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లది అనుకుంటే, మరచిపోయిన ఆ దీపాలు మూడు గంటల్లో దాన్ని దాదాపు ఖాళీ చేస్తాయి. కాబట్టి బ్యాటరీకి అసలు శత్రువు మన మరపే.

స్టార్ట్ కాకపోతే ఏం గమనించాలి?

కారు లోపలి పైకప్పు దీపం వెలిగించి, తాళంచెవిని స్టార్ట్ స్థానానికి తిప్పండి.

దీపం బాగా మసకబారి, టకటకమని చప్పుడు వస్తే బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా దాని టెర్మినల్స్ మీద తెల్లని, పచ్చని పొడి పేరుకుని ఉండాలి.

దీపం ప్రకాశంగానే ఉండి మోటారు కదలకపోతే సొలినాయిడ్, తీగలు, స్టార్టర్ చూపించాలి. ఆటోమేటిక్ గేరు కారు అయితే గేరు పార్కింగ్‌లోనో న్యూట్రల్‌లోనో ఉందో లేదో ముందు చూడండి.

మోటారు చురుకుగా తిరుగుతున్నా ఇంజను అందుకోకపోతే బ్యాటరీ తప్పు లేదు. పెట్రోలో, రవ్వో అందడం లేదు. తాళంచెవి గుర్తున్న దీపం మిణుకుమిణుకుమంటుంటే, తాళంచెవిలోని చిప్‌ను కారు గుర్తించలేదని అర్థం. రెండవ తాళంచెవితో ప్రయత్నించండి.

ఏ సందర్భంలోనూ స్టార్టర్‌ను 10 సెకన్లకు మించి తిప్పవద్దు. అర నిమిషమైనా ఆగి మళ్ళీ ప్రయత్నించండి. లేకపోతే మోటారు వేడెక్కి కాలిపోతుంది.

మరో కారు బ్యాటరీ సాయం తీసుకునేటప్పుడు వరుస ముఖ్యం. ఎర్ర తీగను ముందు దిగిపోయిన బ్యాటరీ ధన టెర్మినల్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ధన టెర్మినల్‌కు తగిలించాలి. నల్ల తీగ ఒక కొసను మంచి బ్యాటరీ రుణ టెర్మినల్‌కు, రెండవ కొసను ఆగిపోయిన కారు ఇంజను మీద బ్యాటరీకి దూరంగా ఉన్న రంగులేని లోహానికి తగిలించాలి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. చివరి కలయికలో లేచే రవ్వ దాని పక్కన పడితే బ్యాటరీ పేలవచ్చు.

ఫ్యూజు ఎగిరిపోతే అదే విలువ ఉన్నదే వేయండి. బ్లేడు ఫ్యూజుల్లో 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. రాగి తీగ చుట్టి పని కానిస్తే ఫ్యూజుకు బదులు కారు తీగలే కాలతాయి.

దిగుడులో తాళంచెవి ఆపవద్దు

ఇది ఈ పాఠంలో అన్నిటికంటె ముఖ్యమైన మాట. ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు కలిసివస్తుందని ఇంజను కట్టేసి న్యూట్రల్‌లో జారవిడిచే అలవాటు కొందరికి ఉంది. బ్రేకును తేలికచేసే బూస్టరు ఇంజను ఇచ్చే శూన్యంతో పనిచేస్తుంది. ఇంజను ఆగితే ఒకటి రెండుసార్లు తొక్కేలోగా ఆ సాయం అయిపోయి, పెడలు రాయిలా బిగుస్తుంది. పవర్ స్టీరింగు బరువెక్కుతుంది. ఇగ్నిషన్ ఆగితే ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు విచ్చుకోకపోవచ్చు. పొరపాటున తాళంచెవి బయటకు వస్తే మలుపులో స్టీరింగే బిగుసుకుపోవచ్చు.

ఇంతా చేసి మిగిలేది ఏమీ లేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ కారు గేరులో ఉండగా యాక్సిలరేటరు మీది నుంచి కాలు తీస్తే, ఇంజను వేగం బాగా తగ్గేవరకు కంప్యూటరే పెట్రోలు సరఫరాను ఆపేస్తుంది. చక్రాలే ఇంజనును తిప్పుతాయి. పెట్రోలు ఖర్చుకాదు, ఇంజను కూడా బ్రేకులా పనిచేస్తుంది. ఎక్కిన గేరులోనే దిగమని పాత డ్రైవర్లు చెప్పే మాట నేటి కారుకూ వర్తిస్తుంది.

తాళంచెవికి బదులు బటన్ ఉన్న కార్లలోనూ ఈ స్థానాలన్నీ ఉన్నాయి. సాధారణంగా బ్రేకు తొక్కకుండా ఒకసారి నొక్కితే యాక్సెసరీ, రెండవసారి నొక్కితే ఆన్, బ్రేకు తొక్కి నొక్కితే స్టార్ట్. చిన్నపిల్లలు లోపల ఉండగా తాళంచెవి వదిలి దిగకండి. ఆన్ స్థానంలో పవర్ విండోలు పనిచేస్తాయి, పైకి లేచే అద్దం చిన్న మెడను గుర్తించకపోవచ్చు.

ఈసారి కారు ఎక్కినప్పుడు తాళంచెవిని ఒక్కసారిగా తిప్పేయకండి. ఒక్కొక్క స్థానం దగ్గరా ఒక క్షణం ఆగి, ఏ దీపం వెలిగిందో, ఏ చప్పుడు వినిపించిందో గమనించండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మీ కారు ఎలా పలుకుతుందో తెలిస్తే, దాని గొంతు మారిన రోజున మీరే ముందుగా పసిగడతారు.