మాటకు యజమాని కలడా?

విజయవాడ, అమరావతి ప్రాంతములలో ఇండ్లస్థలములు అమ్మించు వ్యాపారిని జనులు 'రియల్టర్' అందురు. డాక్టరు, ప్లీడరు అను మాటల వలెనే ఇదియు ఒక వృత్తిపేరని మన తలంపు. అమెరికాలో మాత్రము ఈ మాట ఒక సంఘపు సొత్తు. కృష్ణా జిల్లానుండి అచటికి వెళ్లి ఇండ్ల క్రయవిక్రయములు చేపట్టిన యువకుడు తన వెబ్‌సైటుకు 'డల్లాస్ రియల్టర్' అని పేరు పెట్టినచో చిక్కులలో పడును. ఏల?

ఈ మాటను 1916లో మినియాపొలిస్ నగరవాసి చార్లెస్ చాడ్‌బర్న్ కల్పించెను. ఇండ్ల వ్యాపారుల జాతీయ సంఘమున చేరి, దాని నియమములకు లోబడినవారిని తక్కినవారినుండి వేరుచేసి చూపుటయే దీని ఉద్దేశము. సంఘము 1949, 1950 సంవత్సరములలో దీనిని ట్రేడ్‌మార్కుగా, అనగా వ్యాపారచిహ్నముగా నమోదు చేయించినది. కావున అచట లైసెన్సు గల ప్రతి ఏజెంటును రియల్టర్ కాడు. సంఘ సభ్యుడే రియల్టర్.

సభ్యునికైనను హద్దు కలదు. వెబ్‌సైటు చిరునామాయగు డొమైన్ పేరులో ఆ మాటను తన పేరుతో జోడింపవచ్చును; ఊరి పేరుతో గాని, విశేషణముతో గాని జోడింపరాదు. 'రావు రియల్టర్' సరియే. 'డల్లాస్ రియల్టర్' తప్పు. మొదటిదానిలో ఆ మాట సభ్యత్వమును తెలుపును. రెండవదానిలో వట్టి వృత్తిపేరగును.

అయిన నష్టమేమి? వ్యాపారచిహ్నమునకు ప్రాణము జనుల వాడుకలోనే ఉన్నది. అందరును వస్తువునే ఆ పేరుతో పిలిచినచో హక్కు నశించును. 'ఎస్కలేటర్' మొదట ఒక కంపెనీ చిహ్నమే. 1950లో ఆ హక్కు రద్దయినది. 'రియల్టర్' కూడ అట్టిదేయని, ఆ మాటతో అనేక డొమైన్ పేర్లు నమోదు చేసికొన్న ఒక వ్యాపారి వాదించెను. 2004లో అమెరికా వ్యాపారచిహ్నముల విచారణ మండలి ఆ వాదమును త్రోసిపుచ్చినది.

డొమైన్ పేర్లతో మరియొక చిక్కు కలదు. కంప్యూటర్లు ఒకదానినొకటి అంకెల చిరునామాలతో గుర్తించును. మన జ్ఞాపకమునకు వీలుగా ఆ అంకెలకు బదులు అక్షరముల పేర్లు ఏర్పడినవి. 'కృష్ణా' అను పేరుతో ఒకే ఊరిలో హోటలు, బట్టల దుకాణము, ఎరువుల దుకాణము ఉండవచ్చును. ఒక డొమైన్ పేరు మాత్రము ప్రపంచమంతటికిని ఒక్కరికే. చిహ్నపు హక్కు దేశపు ఎల్లలలో నిలుచును. డొమైన్ పేరు ఎల్లలు దాటును.

మన సుప్రీంకోర్టు 2004 మే 6న ఈ సంగతిని పరిశీలించినది. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ సంస్థకు అనుబంధముగా వెలసిన సత్యం ఇన్ఫోవే తన పేరునుండి 'సిఫీ' అను మాటను కల్పించుకొన్నది. మరియొక కంపెనీ 'సిఫ్ఫీనెట్' అను డొమైన్ పేరు పెట్టుకొన్నది. డొమైన్ పేరునకును చిహ్నమువంటి రక్షణ కలదని కోర్టు తీర్పుచెప్పి, సత్యం ఇన్ఫోవే పక్షమున నిలిచినది.

మన దేశమున వృత్తి బిరుదులకు రక్షణ తరచుగా చట్టమునుండి వచ్చును. 1949 నాటి చట్టము ప్రకారము, సభ్యుడు కానివాడు 'ఛార్టర్డ్ అకౌంటెంట్' అని చెప్పుకొనుట నేరము. 2016 నాటి స్థిరాస్తి చట్టము ప్రకారము, నమోదైన ప్రాజెక్టులలో స్థలములు అమ్మించు ఏజెంటు రెరా సంస్థలో రిజిస్ట్రేషను పొందవలెను. కావున మన ప్రాంతమున స్థలము కొనువారు బోర్డుమీది 'రియల్టర్' అను మాటను కాదు, రిజిస్ట్రేషను సంఖ్యను చూడవలెను.