పాత పనిముట్టు వయసు కట్టడం ఎలా?

పాత పనిముట్టు చేతికి చిక్కగానే చాలామంది దానిమీద అంకెల కోసం వెతుకుతారు. ఏదో ఒక సంవత్సరం కనబడితే అది ఆ ఏడాదే తయారైందని తేల్చేస్తారు. కానీ ఆ అంకె చాలాసార్లు పేటెంటు తేదీ. ఒక కొత్త ఏర్పాటుకు హక్కు దొరికిన రోజే తప్ప, ఆ వస్తువు తయారైన రోజు కాదు. పేటెంటు తేదీ మనకు చెప్పేది ఒక్కటే: ఈ వస్తువు అంతకుముందుది కాదు. అందుకే వయసు కట్టాలంటే పనిముట్టు మొత్తాన్ని పరీక్షించాలి. మార్చడానికి వీల్లేని భాగంలో అన్నిటికంటే కొత్త లక్షణం ఏదో పట్టుకుని, దాన్నుంచి లెక్క మొదలుపెట్టాలి.

అమెరికాలోని న్యూ బ్రిటన్ పట్టణంలో స్టాన్లీ కంపెనీ చేసిన ఇనప చిత్రికలు ఇందుకు మంచి ఉదాహరణ. లెనార్డ్ బెయిలీ రూపొందించిన చిత్రికల హక్కులను ఆ కంపెనీ 1869లో కొనుక్కుంది. ఈ చిత్రికల్లో బ్లేడు వెనకున్న ఇత్తడి నట్టు తిప్పితే బ్లేడు వెంట్రుకవాసి దిగుతుంది, లేస్తుంది. ఇవాళ మన వడ్రంగులు వాడే ఇనప చిత్రికల్లోనూ ఇదే అమరిక కనిపిస్తుంది. కొన్ని స్టాన్లీ చిత్రికల్లో బ్లేడు తీసి చూస్తే, కింద పోత ఇనుములోనే మూడు తేదీలుంటాయి: 1902 మార్చి 25, 1902 ఆగస్టు 19, 1910 ఏప్రిల్ 19. మొదటి తేదీని నమ్మితే ఎనిమిదేళ్ల తేడా వస్తుంది. మూడో తేదీ ఉన్న పోత 1910కి ముందుదై ఉండదు. మరి పై హద్దు ఎక్కడ? అప్పట్లో అమెరికా పేటెంటు గడువు 17 ఏళ్లు, అంటే 1902 నాటి రెండు పేటెంట్లూ 1919లో తీరిపోయాయి. ఆ తర్వాతి పోతల్లో 1910 తేదీ ఒక్కటే మిగిలింది. కాబట్టి మూడు తేదీల చిత్రిక సుమారు 1910, 1918ల నడిమిది.

విడిభాగాలు మార్చి ఉంటే ఈ లెక్క తప్పదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బ్లేడు అరుగుతుంది, కొయ్యపిడి విరుగుతుంది. 1920లో స్టాన్లీ వర్క్స్ అనే సంస్థతో కలిశాక కంపెనీ తన బ్లేడ్ల మీద హృదయాకారపు ముద్ర వేసింది. స్టాన్లీ వర్క్స్ అధ్యక్షుడిగా చేసిన విలియం హార్ట్ గౌరవార్థం వేసిన ఆ ముద్ర 1930ల నడిమిదాకా సాగింది. మూడు తేదీల చిత్రికలో ఈ ముద్ర ఉన్న బ్లేడు కనిపిస్తే, బ్లేడు తర్వాత వచ్చి చేరిందని అర్థం. చిత్రిక వయసు మాత్రం మారదు. అందుకే పోత చెప్పే సాక్ష్యానికి ఎక్కువ విలువ ఇవ్వాలి, సులువుగా ఊడివచ్చే భాగాల సాక్ష్యానికి తక్కువ.

ఇంకో అభ్యంతరం మరింత బలమైనది. ఏ లక్షణం ఏ ఏడాదిదో చెప్పే పట్టికలు కంపెనీ ఇచ్చినవి కావు. పాత చిత్రికలనూ క్యాటలాగులనూ పోల్చి సేకరణకర్తలు కట్టినవి. పైగా ఏ ఫ్యాక్టరీ అయినా మిగిలిన పాత భాగాలను పారేయదు, అయిపోయేదాకా బిగిస్తుంది. నిజమే. అందుకే ఒకే ఏడాది పేరు చెప్పకుండా నడిమి కాలం చెప్పాలి. అయినా కొన్ని ఆనవాళ్లు చాలా గట్టివి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇత్తడి కరువై, కంపెనీ ఆ నట్టును ఉక్కుతోనో గట్టి రబ్బరుతోనో చేసింది. పిడికి రోజ్‌వుడ్ బదులు రంగు వేసిన మామూలు కొయ్య వాడింది. ఇవి రెండూ ఒకే చిత్రికలో కలిసి కనిపిస్తే ఆ కాలం దాదాపు ఖాయం.

తేదీ, పేరు ఏమీ లేని పనిముట్టును, అసలు ఎందుకు వాడేవారో తెలియని పనిముట్టును కూడా ఇదే క్రమశిక్షణతో చూడాలి. స్టాన్లీ 48వ నంబరు చిత్రికకు రెండు బ్లేడ్లు, అటూ ఇటూ తిరిగే ఒక పక్కపట్టీ ఉంటాయి. మొదటిసారి చూస్తే అది ఏ పనికో అంతుపట్టదు. పట్టీ ఒకవైపు ఉంచితే పలక అంచున నాలుక తేలుతుంది, తిప్పి పెడితే రెండో పలక అంచున గాడి పడుతుంది. ఆ పట్టీ ఎక్కడెక్కడ ఆగుతుందో చూస్తేనే పని అర్థమవుతుంది. ఊరి కమ్మరి కొట్టిన బాడిసకైతే ఏడాది కట్టలేం. అయినా అరుగుదల ఎక్కడుందో చూస్తే ఏ చేత్తో పట్టారో, ఎలా వాడారో చెప్పవచ్చు. అందుకే గుర్తించే పని అయ్యేవరకు తుప్పు గీకడం, పాలిష్ పట్టడం వద్దు. మసక ముద్రలు, పాత రంగు, చేతి అరుగుదల పోతే మళ్లీ రావు. ఎవరైనా ఒక పనిముట్టుకు ఏడాది చెబితే, అది ఏ భాగాన్ని చూసి, ఏ ఆధారంతో చెబుతున్నారో అడగండి. ఆ రెండింటికీ జవాబు వచ్చాకే ఆ ఏడాదిని నమ్మండి.