లినక్సులో శబ్దం ఎక్కడ ఆగిపోతోంది?

లాప్‌టాప్‌లో లినక్సు ఎక్కించుకున్నవాళ్ళకి ఈ అనుభవం కొత్తేమీ కాదు. వై-ఫై వస్తుంది, తెర వెలుగుతుంది, కంపైలర్ పరుగులు పెడుతుంది. సౌండు మాత్రం ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు! పాట వినపడకపోతే పోనీ అనుకోవచ్చు. ఆదివారం వీడియోలో అమ్మ పెదవులు కదులుతూ మాట వినపడకపోతేనో, ఇంటర్వ్యూ మధ్యలో మన మైకు మూగబోతేనో అలా అనుకోలేం.

లినక్సులో శబ్దానికి అంతస్తులు ఎక్కువ. దానికి చరిత్రే కారణం. మొదట ఉన్నది ఓఎస్ఎస్. అందులో చాలా కార్డుల మీద ఒక ప్రోగ్రాము డివైసుని పట్టుకుంటే రెండోది నోరు మూసుకోవలసిందే. దాని స్థానంలో వచ్చిన ఆల్సా, 2003 డిసెంబరులో విడుదలైన 2.6 కెర్నెల్‌తో స్థిరపడింది. దాని పైన పల్స్‌ఆడియో అనే సర్వరుని ఫెడోరా 2007లో, ఉబుంటు 2008లో డిఫాల్టు చేశాయి. అప్పట్లో దాన్ని తిట్టనివాళ్ళు లేరు గాని, అది బయటపెట్టిన లోపాలు చాలావరకు కింది డ్రైవర్లవే. ఫెడోరా 2021లో, ఉబుంటు 2022లో పైప్‌వైర్‌కి మారాయి. అడుగున మాత్రం ఇప్పటికీ ఆల్సాయే.

అందుకే వెతకడం కింద నుంచి మొదలుపెట్టాలి. ఏప్లే కమాండుని చిన్న ఎల్ ఆప్షనుతో నడపండి. కార్డు పేరే కనపడకపోతే డ్రైవరు లోడు కాలేదన్నమాట. కెర్నెల్ లాగు చూడండి. కనపడితే స్పీకర్-టెస్ట్‌ని నేరుగా ఆ హార్డ్‌వేరు మీదకి వదలండి. హోరు వినపడిందా, డ్రైవరు నిర్దోషి, గొడవ పైప్‌వైర్ దగ్గర ఉంది. చాలాసార్లు అక్కడ డిఫాల్టుగా కూర్చున్నది స్పీకర్లే లేని మానిటరు తాలూకు హెచ్‌డీఎంఐ అయి ఉంటుంది. హోరు వినపడకపోతే ఆల్సామిక్సర్ తెరిచి, ఎఫ్6తో కార్డుని ఎంచుకుని, ఎంఎం అని ఉన్న చానెళ్ళని ఎం కీతో తెరవండి.

వచ్చిపోయే జబ్బు ఇంకో రకం. మాటలో మొదటి ముక్క మింగేసి, మధ్యమధ్య టిక్కుమంటూ ఉంటే అది విద్యుత్ పొదుపు పని. చప్పుడు లేనప్పుడు డ్రైవరు చిప్పుని నిద్రపుచ్చుతుంది. ఎస్ఎన్‌డీ-హెచ్‌డీఏ-ఇంటెల్ మాడ్యూల్‌కి పవర్-సేవ్ విలువ 0 ఇస్తే చాలు. బ్యాటరీ కొద్దిగా ఎక్కువ ఖర్చవుతుంది, అంతే. విండోస్ కూడా ఉన్న యంత్రమైతే మరో అనుమానం. అందులోంచి రీస్టార్ట్ చేసి లినక్సుకి వస్తే, విండోస్ వదిలేసిన స్థితిలోనే చిప్పు ఉండిపోవచ్చు. పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్ళీ వెలిగించి చూడండి.

అన్నిటికన్నా చిక్కుది కొత్త ఇంటెల్ లాప్‌టాప్‌ల సంగతి. వాటిలో మైకు డిజిటల్. పాత పద్ధతిలో కోడెక్‌కి కాక డీఎస్పీకి కలిపి ఉంటుంది. అప్పుడు కెర్నెల్ సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ డ్రైవరుని పిలుస్తుంది. ఆ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ లేకపోయినా, కెర్నెల్‌కి సరిపడనంత పాతదైనా కార్డే మాయమవుతుంది. ముందు దాన్ని అప్‌డేట్ చేయండి. ఎస్ఎన్‌డీ-ఇంటెల్-డీఎస్పీసీఎఫ్‌జీ మాడ్యూల్‌కి డీఎస్పీ-డ్రైవర్ విలువ 1 ఇవ్వమని చాలామంది సలహా చెప్తారు. స్పీకర్లు పలుకుతాయి, నిజమే. లోపలి మైకు పోతుంది. అంటే అమ్మ మాట మనకి వినపడుతుంది, మన మాట అమ్మకి వినపడదు! సౌండ్‌వైర్ మీద కట్టిన యంత్రాల్లో ఆ కిటుకు అసలు పనిచేయదు. రేపే ఇంటర్వ్యూ ఉంటే ఈ తంటాలు పడకుండా యూఎస్‌బీ హెడ్‌సెట్ కొనుక్కోండి. దాని డ్రైవరు వేరు, ఈ గొడవలేవీ దానికి అంటవు.

కెర్నెల్ అప్‌డేట్ తర్వాతే సౌండు పోయినట్టయితే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకుని చూడండి. అందులో పలికితే తప్పు మీ సెట్టింగులది కాదు. రెండిటిలోనూ ఆల్సా-ఇన్ఫో స్క్రిప్టు నడిపి, ఆ రెండు ఫలితాలూ జతచేసి మీ డిస్ట్రిబ్యూషన్ వాళ్ళకి బగ్ పంపండి.