జేబులో వెన్నెల

ఒకప్పుడు ఇంటికి ఒక్కటే ఉండే బ్యాటరీ లైటు ఇప్పుడు వేలెడంతై జేబులో చేరింది. కొందరికి అది సేకరణ సరదా. రాత్రిపూట పొలం గట్టు మీద నడిచేవారికి మాత్రం ప్రాణాలకు సంబంధించిన సంగతి.

రాయ్‌పూర్‌కు తూర్పున సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆరంగ్‌కు గుళ్ల ఊరని పేరు. మోరధ్వజ మహారాజు కథతో ఆ ఊరు తన పేరును ముడిపెట్టుకుంటుంది. ఆరా అంటే రంపం. 11-12 శతాబ్దాల నాటి జైన ఆలయం భాండ్ దేవల్ అక్కడి ప్రధాన ఆకర్షణ. గర్భగుడిలో నల్లరాతితో మలచిన ముగ్గురు తీర్థంకరుల విగ్రహాలుంటాయి. బయటి ఎండలో నుంచి లోపలికి తొంగిచూసేవారికి మొదట కనిపించేది చీకటే. సెల్‌ఫోన్ లైటు వేస్తే గడప, గోడలు వెలుగుతాయి తప్ప విగ్రహం ముఖం తేలదు. అదే వేలెడంత టార్చిలైటు వేస్తే నునుపు రాతి మీద కళ్లు, పెదవులు, చెవి తమ్మెలు ఒక్కొక్కటిగా బయటపడతాయి.

ఆరంగ్‌లో టార్చి అవసరం గుడితో అయిపోదు. ఊరి చుట్టూ వరి చేలు. విశాఖపట్నం వైపు నుంచి విజయనగరం, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ మీదుగా రాయ్‌పూర్ వెళ్లే రైలు మార్గం 1931లో పూర్తయింది. మహానది వంతెన దాటాక వచ్చే ఆరంగ్ మహానది స్టేషన్ ఆ దారిలోదే. ఇలాంటి మార్గాల్లో వానాకాలం రాత్రుళ్లు పట్టాల వెంట గస్తీ తిరిగే రైల్వే సిబ్బంది చేతిలో ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు రంగులు చూపే టార్చి ఉంటుంది. పట్టా విరిగినా, కట్ట కోసుకుపోయినా ఎదురుగా వచ్చే రైలును ఆపడానికి వారి దగ్గరుండే సాధనాల్లో అదొకటి. గుడి చూడవచ్చిన యాత్రికుడికి అది సౌకర్యం. గట్టు మీది రైతుకు, పట్టాల మీది గస్తీ మనిషికి అది పనిముట్టు.

మిణుక్కుమని ఆరిపోయే దీపం

టార్చి వయసు నూటపాతికేళ్లు దాటింది. డేవిడ్ మిసెల్ అనే ఆవిష్కర్త రూపొందించిన గొట్టం ఆకారపు విద్యుత్ దీపానికి 1899 జనవరిలో అమెరికాలో పేటెంటు దక్కింది. దాన్ని తయారుచేసిన కంపెనీ యజమాని కాన్రాడ్ హ్యూబర్ట్, రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన వ్యక్తి. కొన్ని లైట్లను న్యూయార్క్ పోలీసులకు ఉచితంగా ఇచ్చి వారి మెప్పునే ప్రచారానికి వాడుకున్నారు. ఎవరెడీ అనే పేరు ఆ కంపెనీ నుంచి పుట్టిందే.

దాన్ని అమెరికన్లు ఫ్లాష్‌లైట్ అనడానికి కారణం ఉంది. అప్పటి బల్బులో కర్బన తీగ ఉండేది. అది కరెంటును విపరీతంగా తాగేది. జింకు-కర్బన బ్యాటరీ అంత కరెంటును ఏకధాటిగా ఇవ్వలేదు. కొన్ని క్షణాలు వెలిగించి, ఆర్పి, కాస్త విశ్రాంతి ఇస్తే మళ్లీ వెలిగేది. టంగ్‌స్టన్ తీగ బల్బులు వచ్చాకే ఆ మిణుగురు నిలకడైన దీపంగా మారింది.

భారత్‌కు డ్రై సెల్స్ 1905లోనే దిగుమతి కావడం మొదలైంది. 1939లో కోల్‌కతాలో బ్యాటరీల ఫ్యాక్టరీ వచ్చింది. యూనియన్ కార్బైడ్ ఇండియా పేరుతో సాగిన ఈ కంపెనీ దశాబ్దాల పాటు పల్లెపల్లెకూ ఎవరెడీ టార్చిలను చేర్చింది. 1984లో భోపాల్ విషవాయువు దుర్ఘటనతో అపఖ్యాతి పాలైన కంపెనీ కూడా అదే. 1994లో ఖైతాన్ కుటుంబం దాన్ని కొనుగోలు చేశాక పేరు ఎవరెడీ ఇండస్ట్రీస్‌గా మారింది. 2022లో యాజమాన్యం బర్మన్ కుటుంబం చేతికి వెళ్లింది.

ఈ కథలో తెలుగువారి వాటా కూడా చిన్నదేం కాదు. పి. ఓబుల్ రెడ్డి 1972లో స్థాపించిన ఇండో నేషనల్ కంపెనీ, జపాన్‌కు చెందిన మత్సుషితా సహకారంతో నెల్లూరులో బ్యాటరీల తయారీ చేపట్టింది. కిరాణా కొట్లలో నిప్పో పేరుతో దొరికిన బ్యాటరీ అదే. రేడియోలో వార్తలకూ, రాత్రి పొలానికీ అవే బ్యాటరీలు. రేడియోలో నుంచి తీసి లైటులో వేసుకున్న ఇళ్లకు లెక్కలేదు.

ఎండలో బ్యాటరీలు

యాభై దాటిన తెలుగువారిలో చాలామందికి బ్యాటరీ లైటు ఒక ఇంటి సభ్యుడిలా గుర్తుంటుంది. తలుపు వెనక మేకుకో, తాతగారి తలగడ కిందో ఉండేది. పిల్లలు ముట్టుకోకూడదు. బ్యాటరీలు నీరసిస్తే ఎండలో పెట్టేవారు. వెచ్చదనానికి లోపలి రసాయన చర్య కాస్త చురుగ్గా జరిగి, ఓ పూట వెలుగు పెరిగేది. పెరిగింది శక్తి కాదు, మిగిలిన కాస్తా త్వరగా బయటికి రావడమే. లైటు అనుకోకుండా వెలిగి బ్యాటరీలు దండగ కాకుండా ఒకదాన్ని తిరగేసి పెట్టడం మరో చిట్కా. ఇది మాత్రం అచ్చంగా శాస్త్రీయం.

ఆ లైట్లకు ప్రధాన శత్రువు కారిపోయిన బ్యాటరీయే. జింకు-కర్బన బ్యాటరీలో పైడబ్బా కూడా రసాయన చర్యలో పాల్గొని అరుగుతూ పోతుంది. చిల్లి పడితే లోపలి ద్రవం కారి ఇత్తడి భాగాలను తినేస్తుంది. పాత ఇత్తడి టార్చిలను సేకరించేవారు ముందుగా వెనక మూత విప్పి, స్ప్రింగు చుట్టూ పచ్చని చిలుము ఉందేమో చూసేది అందుకే. ఉంటే పైన నికెల్ పూత ఎంత మెరుస్తున్నా ధర తగ్గాల్సిందే.

నీలి కాంతి తెచ్చిన మార్పు

చేతి కర్రంత లైటు వేలి సైజుకు దిగడానికి రెండు ఆవిష్కరణలు తోడ్పడ్డాయి. మొదటిది ఎల్ఈడీ. ఎరుపు, ఆకుపచ్చ ఎల్ఈడీలు 1960ల నుంచే క్రమంగా వచ్చినా తెల్లని వెలుగుకు నీలి ఎల్ఈడీ తప్పనిసరి. జపాన్ కంపెనీ నిచియాలో పనిచేసిన షుజీ నకమురా 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీని చూపించారు. దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత వేస్తే తెల్లని కాంతి వస్తుంది. ఈ కృషికి ఇసాము అకసకి, హిరోషి అమనోలతో కలిసి ఆయనకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. రెండోది లిథియం-అయాన్ బ్యాటరీ. సోనీ 1991లో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. టార్చిల్లో విరివిగా వాడే 18650 రకం బ్యాటరీ పేరులోనే కొలతలున్నాయి. వ్యాసం 18 మిల్లీమీటర్లు, పొడవు 65 మిల్లీమీటర్లు.

రెండు లావు బ్యాటరీల పాత టార్చిలో తీగ బల్బు పదీ పదిహేను ల్యూమెన్ల వెలుగిచ్చేది. ఇప్పుడు ఒకే ఒక్క పెన్సిల్ బ్యాటరీతో నడిచే ఎల్ఈడీ లైటు నూరు ల్యూమెన్లను తేలిగ్గా ఇవ్వగలదు. తీగ బల్బులో కరెంటు చాలావరకు వేడిగానే పోయేది. దానికితోడు కింద పడితే తీగ తెగేది. ఎల్ఈడీకి తెగడానికి తీగే లేదు.

ఈ మధ్యలోనే మరో మలుపు. నోకియా 2003లో విడుదల చేసిన 1100 మోడల్ ఫోనుకు నెత్తిన చిన్న లైటు పెట్టింది. ప్రపంచవ్యాప్తంగా 25 కోట్లకు పైగా అమ్ముడైన ఆ ఫోను భారత పల్లెల్లో పేరు తెచ్చుకోవడానికి ఆ లైటూ ఒక కారణం. కరెంటు కోతల దేశంలో మాట కన్నా ముందు వెలుగు పనికొచ్చింది.

సేకరించేవారి లెక్కలు

ఫోనులోనే లైటున్నప్పుడు విడిగా టార్చి ఎందుకు? రోజూ జేబులో చిన్న లైటు పెట్టుకుని తిరిగేవారు, పదులకొద్దీ కొని దాచేవారు ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబిస్తారు. ఫోను వెలుగు దగ్గర్లోనే పరచుకుంటుంది, దూరం పోదు. వానలో, బురదలో ఫోను బయటికి తీయడం కష్టం. అన్నిటికన్నా ముఖ్యంగా, దారి చూపడానికి ఫోను చార్జింగు అయిపోతే 108కి ఫోన్ చేయాల్సి వచ్చినప్పుడు ఏం మిగులుతుంది?

అమెరికాలో టోనీ మాగ్లికా 1979లో అల్యూమినియం మాగ్‌లైట్‌ను, 1984లో దాని చిన్న తమ్ముడు మినీ మాగ్‌లైట్‌ను తెచ్చాక టార్చి సొంత వస్తువుగా, మురిపెంగా దాచుకునే వస్తువుగా మారింది. తర్వాత చైనా కంపెనీలు ఆ మార్కెట్‌ను ముంచెత్తాయి. సేకరణలో రకాలు అనేకం. ఒకరికి ఇత్తడి, రాగి గొట్టాలు ఇష్టం. మరొకరికి టైటానియం. ఇంకొకరు తాళంచెవుల గుత్తికి తగిలించే అంగుళం లైట్లకే పరిమితం. నాన్నగారి టార్చిలో ఎల్ఈడీ బిగించి మళ్లీ వెలిగించుకునేవారూ ఉన్నారు.

కొనేవారిని తికమక పెట్టేది అట్టపెట్టె మీది అంకెలు. 2009లో అమెరికాలో వచ్చిన ఎఫ్ఎల్1 ప్రమాణం ఈ గందరగోళానికి కొంత హద్దు గీసింది. మొత్తం వెలుగును ల్యూమెన్లలోనూ, కిరణం తీవ్రతను క్యాండెలాల్లోనూ చెప్పాలి. వెలుగు మొదటి స్థాయిలో పదో వంతుకు పడిపోయేదాకా పట్టే సమయమే దాని 'నడిచే కాలం'. వెలుగు ఎంత దూరం పోతుందన్నదానికి కొలమానం చక్కనిది. పావు లక్స్ వెలుతురు, అంటే దాదాపు నిండు పున్నమి వెన్నెల పడే చోటే హద్దు. 2,500 క్యాండెలాల లైటు 100 మీటర్ల దూరానికి ఆ వెన్నెలను పంపుతుంది. 200 మీటర్లు పంపాలంటే రెట్టింపు కాదు, నాలుగు రెట్లు, అంటే 10,000 క్యాండెలాలు కావాలి. ఏ ప్రమాణం పేరూ లేకుండా వేల ల్యూమెన్లంటూ ఊరించే చవక లైట్లను అనుమానించాల్సిందే.

అనుభవజ్ఞులు ఎక్కువ వెలుగు కన్నా తక్కువ వెలుగుకే విలువిస్తారు. ఒక ల్యూమెన్‌కు లోపు వెలిగే స్థాయి ఉంటే నిద్రపోయేవారిని లేపకుండా మంచినీళ్లు తాగి రావచ్చు. పైగా ఒక్క బ్యాటరీతో రోజుల తరబడి గడుస్తుంది.

గట్టు మీద చీకటి

సరదా ఇక్కడితో ఆగుతుంది. పాముకాటు మరణాలపై 2020లో వెలువడిన అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారు. అంటే ఏడాదికి సగటున 58,000 మంది. దాదాపు 70 శాతం మరణాలు ఎనిమిది రాష్ట్రాల్లోనే. తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. మృతుల్లో అత్యధికులు పల్లెవాసులు. సగం మరణాలు జూన్-సెప్టెంబరు మధ్యే. వానలు పడి మనుషులు చేలల్లో ఎక్కువగా తిరిగే కాలం అది.

తెలుగునాట వ్యవసాయానికి కరెంటు ఏళ్ల తరబడి విడతల వారీగా, చాలాసార్లు రాత్రిపూట వచ్చేది. మోటారు వేయడానికి అర్ధరాత్రి లేచి వెళ్లిన రైతులు పాముకాటుకో, కరెంటు షాక్‌కో బలైన వార్తలు ఆ కాలంలో కొత్తేం కాదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుకావడానికి వెనక ఈ బాధ కూడా ఉంది. కరెంటు వేళలు మారినా నీరు మళ్లించడానికీ, అడవిపందుల నుంచి పంట కాయడానికీ రాత్రి నడక తప్పడం లేదు.

టార్చి వెలుగుకు పాము పారిపోదు. వెలుగు చేసే పని ఒక్కటే, అడుగు వేసే ముందు చూపించడం. రక్తపింజర ఎండుటాకుల్లో కలిసిపోయి కదలకుండా పడుకుంటుంది. కట్లపాము రాత్రి సంచరిస్తుంది. దాని కాటు నొప్పి తెలియకపోవడంతో నిద్రలోనే ప్రమాదం ముదురుతుంది. అందుకే రాత్రి నడకకు టార్చి, కాళ్లకు బూట్లు, నేల మీద కాకుండా మంచం మీద నిద్ర, పరుపు కిందికి దోపిన దోమతెర అని నిపుణులు పదేపదే చెబుతారు. కాటు పడితే కట్లు బిగించడం, కోయడం మాని, కరిచిన అవయవం కదలకుండా ఉంచి వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలన్న లక్ష్యంతో కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఆ పెద్ద పథకంలో యాంటీవీనమ్, శిక్షణ, ఆస్పత్రులు ఉంటాయి. ఇంట్లో ఎవరికి వారు మొదలుపెట్టగలిగినది మాత్రం జేబులో ఒక లైటు.

ఏది కొనాలి?

పొలానికి వెళ్లేవారికి మూడు గుణాలు చాలు. తడిచినా పాడవకూడదు. కాళ్ల ముందు వెడల్పుగా వెలుగు పడాలి. బ్యాటరీ ఊళ్లోని కొట్టులో దొరకాలి. మూడో షరతు వల్లే సామాన్యమైన పెన్సిల్ బ్యాటరీ లైటుకు ఇప్పటికీ గిరాకీ ఉంది. నీలిఛాయ కొట్టే తెల్లని వెలుగులో గోధుమ, ఎరుపు రంగుల తేడా సరిగా తెలియదు. కాస్త పసుపు పాలున్న వెలుగు మట్టినీ, ఆకునీ, చర్మాన్నీ విడిగా చూపిస్తుంది.

లిథియం బ్యాటరీలతో జాగ్రత్త అవసరం. రక్షణ సర్క్యూట్ లేని నాసిరకం బ్యాటరీ షార్టయితే మంటలు రావచ్చు. విడి బ్యాటరీని తాళంచెవులు, చిల్లరతో కలిపి జేబులో వేసుకోకూడదు. శక్తిమంతమైన లైటును పిల్లల కళ్లలోకి కొట్టకూడదు. అయిపోయిన బ్యాటరీలను చెత్తలో పారేయకుండా తిరిగి సేకరించే బాధ్యతను 2022 నాటి నిబంధనలు తయారీదారుల మీద పెట్టాయి. ఊళ్లో ఆ ఏర్పాటు కనిపించేదాకా వాటిని విడిగా ఒక డబ్బాలో దాచడం మేలు.

చీకట్లో తాడును చూసి పామనుకోవడం మన వేదాంతులు తరతరాలుగా చెప్పే ఉదాహరణ. దీపం తెస్తే భయం పోతుంది. చేలో నడిచేవాడికి పొంచి ఉన్న ప్రమాదం దానికి తలకిందులు. పామును చూసి తాడనుకోవడం. ఆ పొరపాటు దిద్దుకోవడానికి రెండో అవకాశం ఉండకపోవచ్చు. అందుకే రాత్రి గడప దాటే ముందు చెప్పుల కోసం వెతికినట్టే లైటు కోసమూ జేబు తడుముకోవాలి.