చిన్న గదికి స్పీకర్ల ఎంపిక

చిన్న గదికి స్పీకర్ల ఎంపికలో ముఖ్యమైన అంశం మంద్రధ్వనిని, అనగా బాస్‌ను, రికార్డు చేసినది చేసినట్లు వినగలగడం. ఖరీదైన పెద్ద స్పీకర్లు కొన్నప్పటికీ గది అనుకూలించనిచో బాస్ ఉబ్బినట్లు, మొరటుగా వినిపించును.

గది ప్రభావం

ఎదురెదురు గోడల మధ్య ధ్వని పరావర్తనం చెంది స్థిర తరంగాలు ఏర్పడతాయి. ధ్వని వేగాన్ని (సెకనుకు సుమారు 344 మీటర్లు) గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగిస్తే మొదటి అనునాద పౌనఃపున్యం వస్తుంది. ఉదాహరణకు నల్గొండ జిల్లా మర్రిగూడలో 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల శ్లాబు గదిని తీసుకుందాం. పొడవు వలన 47 హెర్ట్జ్ వద్ద, వెడల్పు వలన 56 హెర్ట్జ్ వద్ద అనునాదం కలుగుతుంది. ఎత్తు కూడా 10 అడుగులే కనుక 56 హెర్ట్జ్ వద్ద రెండు అనునాదాలు కలిసి ఆ స్వరం అతిగా మోగుతుంది. కాంక్రీటు, రాతి గోడలు బాస్‌ను చాలా తక్కువగా శోషించుకుంటాయి. పలుచని తెరలు, తివాచీలు హెచ్చు పౌనఃపున్యాలను మాత్రమే తగ్గించగలవు.

పెట్టె రకాలు

మూసిన పెట్టెలో బాస్ ఒక స్థాయి కిందికి (పౌనఃపున్యం సగానికి) దిగేసరికి 12 డెసిబెల్స్ తగ్గుతుంది. రంధ్రం గల పెట్టె మరికొంత లోతుకు పలికినా, ఆ తరువాత 24 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. తలుపులు మూసిన చిన్న గది అతి తక్కువ పౌనఃపున్యాలను కొంత పెంచుతుంది. కావున నిదానంగా తగ్గే మూసిన పెట్టె అట్టి గదికి తరచుగా నప్పుతుంది. బి.బి.సి. 1970లలో ప్రసార వాహనాల్లోని ఇరుకు గదుల కొరకు రూపొందించిన ఎల్.ఎస్.3/5ఏ ఇటువంటిదే. దీని బాస్ లోతు పరిమితమైనా, స్పష్టతకు పేరుపొందింది.

ఎంపిక, అమరిక

* కనిష్ఠ పౌనఃపున్యంతో పాటు అది ఎన్ని డెసిబెల్స్ తగ్గుదల వద్ద కొలిచినదో చూడాలి. "40 హెర్ట్జ్" అని మాత్రమే రాసి ఉంటే రెండు స్పీకర్లను పోల్చలేము.
* మృదంగం రికార్డు వినాలి. ఎడమవైపు దెబ్బలు వేగంగా పడినపుడు కూడా దేనికది విడిగా వినిపించాలి. అన్నీ ఒకే శ్రుతిలో గుమ్మని మోగితే అది అనునాదమే.
* వీలైతే కొనే ముందు సొంత గదిలోనే విని చూడాలి.
* స్పీకర్లను మూలల్లో ఉంచరాదు. మూలలో అనునాదాలన్నీ బలపడతాయి.
* శ్రోత గది నడిమధ్యన కూర్చుంటే మొదటి అనునాదపు స్వరం దాదాపు వినిపించదు. వెనుక గోడకు ఆనుకుంటే అదే స్వరం అతిగా వినిపిస్తుంది. వెనుక గోడ నుండి గది పొడవులో మూడవ వంతు దూరం నుండి మొదలుపెట్టి, కొద్దికొద్దిగా జరుపుతూ సరిచూసుకోవాలి.